పాలపిట్టలు గాల్లో పల్టీలు కొడుతున్నాయి, కొట్లాటేనా?

గోరంట్ల కుర్రోడు:
నమస్తే అండీ. మాది గుంటూరు, గోరంట్ల దాటాక మిర్చి చేల పక్కన ఉంటాం. ఇంటి ముందు కరెంటు తీగ మీద పాలపిట్ట ఒకటి ఎప్పుడూ కూర్చునుంటది, ఊరికే కూర్చుంటే మట్టిరంగు పిట్టే కదా అనిపిస్తది, ఎగిరిందంటే మాత్రం రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు కళ్లు చెదిరేట్టు కనపడతాయి. మార్చి వచ్చాక రెండోది కూడా చేరింది. ఒకటేమో నిలువునా పైకెళ్లి, అక్కణ్ణుంచి అటూ ఇటూ దొర్లుకుంటా కిందకి దూకుతా గొంతు చించుకుంటంది. కొట్టుకుంటన్నాయా ఏంది? పక్క స్థలంలో తల పోయిన తాడిమోడు ఉంది, దాని తొర్ర చుట్టూనే తిరుగుతున్నాయి. స్థలం ఓనరు ఉగాది వెళ్లాక మోడు కొట్టిస్తా అంటన్నాడు, అందుకే అడుగుతున్నా.

పిట్టల పిచ్చి:
కొట్లాట కాదు బ్రో, మగది ఆడదానికి షో చేస్తంది 😀 వీటికి ఎండాకాలమే సీజను. సొంతంగా గూడు కట్టుకోవు, పుచ్చిపోయిన మోడుల్లో తొర్రలు, ఒక్కోసారి పాత గోడల్లో బొక్కలు చూసుకుని తెల్లటి గుడ్లు పెడతాయి. ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి పల్టీలు కొట్టేటప్పుడే ఏది మగదో కాస్త తెలిసేది.

బెజవాడ బాబాయ్:
లకుముకి పిట్ట కాదు కదా? మా బందరు కాలవ మీద నీలంగా ఏది ఎగిరినా పాలపిట్టే అంటారు జనం.

పిట్టల పిచ్చి:
బాబాయ్, లకుముకికి పొడుగాటి ఎర్ర ముక్కు, తెల్లటి గొంతు ఉంటాయి, అది మట్టి గట్టులో బొరియ తవ్వుకుంటది. తాడి తొర్ర అన్నాడు కాబట్టి ఇది పాలపిట్టే.

మిరప రైతు:
మా చేలో ట్రాక్టరు దున్నుతుంటే వెనకే వస్తాయండీ. తీగ మీద కదలకుండా కూర్చుని కిందకే చూస్తంటది, మిడత కదిలిందా, దూకి పట్టుకుని మళ్లీ పైకొచ్చి కొమ్మకేసి టపటపా కొట్టి మింగేస్తది. తొండపిల్లలు, తేళ్లు కూడా వదలదు. పురుగులు తినే పిట్టని దసరాకి పంజరంలో పెట్టి డబ్బులకి చూపిస్తారు కొందరు, చూస్తే పుణ్యమంట! 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టుకోవటమే నేరం. మన ఆంధ్రా వాళ్లం 2018లో రాష్ట్ర పక్షిగా రామచిలుకని పెట్టుకున్నాం, పాలపిట్ట తెలంగాణకి ఉండిపోయింది, నాకైతే ఇప్పటికీ నచ్చలేదు ఆ పని.

గోరంట్ల కుర్రోడు:
థ్యాంక్సండీ. మరి ఓనరుని ఎన్నాళ్లు ఆగమనాలి?

పిట్టల పిచ్చి:
పొదగటానికి 17–19 రోజులు, ఆ తర్వాత పిల్లలు ఎగరటానికి ఇంకో నెల పైనే. ఇంకా గుడ్లు పెట్టకపోయి ఉండొచ్చు కాబట్టి జూన్ అయ్యేదాకా ఆపించు. ఫోటోల కోసం నిచ్చెనేసి తొర్రలోకి తొంగి చూడొద్దు, బెదిరితే వదిలేసి పోతాయి, మేడ మీద నుంచి బైనాక్యులర్స్‌తో చూసుకో చాలు. గోరింకలు, చిలకలు కూడా అలాంటి తొర్రల కోసమే కాచుకుని ఉంటాయి, కాస్త గమనించు.

గోరంట్ల కుర్రోడు:
గోరింకల జంట ఇందాకే వచ్చింది, పాలపిట్టలు రెండూ కలిసి వాటిని తరిమేసినయ్ 😀 చట్టం గిట్టం అంటే మా ఓనరు వినడు, మోడు కొట్టిస్తే దసరాకి పాలపిట్ట కనపడదండీ అని చెప్తా, ఆయనకి సెంటిమెంట్లెక్కువ.