లెసన్ ప్లాన్‌లో ‘పాఠశాల లక్ష్యం’ గడి అవసరమా?

బడిగంట: నేను ప్రధానోపాధ్యాయినిని. మా పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో ఈ ఏడాది ఒకటే లక్ష్యం: పిల్లలు చదివినదాన్ని అర్థం చేసుకోవాలి. ప్రణాళికేమో బీరువాలో ఉంటుంది, తరగతిలో జరిగేది వేరు, టీచర్ల శిక్షణలో చెప్పేది ఇంకొకటి. ఈ మూడింటినీ కలపాలని లెసన్ ప్లాన్‌లో ఒక గడి చేర్చాను: ‘ఈ పాఠం మన లక్ష్యానికి ఎలా తోడ్పడుతుంది?’ శిక్షణలూ దానిమీదే పెట్టించాను. సగంమంది ముఖాలు మాడ్చుకున్నారు. నేను చేసింది తప్పా?

ఎక్కాల మాస్టారు: తప్పే మేడమ్. 22 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ప్రతి పీరియడ్‌కూ ఆ గడి నింపాలంటే మొదటి వారం ఆలోచించి రాస్తాం, రెండో వారం నుంచి పైన రాసిందే కిందికి దించుతాం. అయినా భిన్నాల కూడికకూ చదివి అర్థం చేసుకోవడానికీ ఏమిటి సంబంధం?

పలకాబలపం: మా బడిలో గడి కాదు, ఏకంగా ఒక పేజీ.

బడిగంట: సంబంధం ఉంది మాస్టారూ. మొన్న ఒక తరగతిలో వెనక బెంచీలో కూర్చున్నాను. బోర్డుమీద లెక్క ఇది: ‘అన్న దగ్గర 12 గోలీలున్నాయి. అవి తమ్ముడి గోలీలకన్నా 4 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని?’ సగానికి పైగా పిల్లలు 16 అని రాశారు. ‘ఎక్కువ’ అన్న మాట కంటపడగానే కూడేశారు. కూడటం వాళ్లకు బాగానే వచ్చు. ఆ వాక్యం చదవడమే రాలేదు.

ఎక్కాల మాస్టారు: ఆ లెక్క నాకు కొత్తా? నేను అంకెల జోలికి పోకముందే ‘ఎవరి దగ్గర ఎక్కువ?’ అని అడుగుతాను. అన్నకు పొడవు గీత, దాని కింద తమ్ముడికి పొట్టి గీత గీయిస్తాను. 8 అని వాళ్లే చెబుతారు. ఏళ్లుగా చేస్తున్న పని ఇది, ఏ గడీ లేకుండానే.

నీలిసిరా: ఇద్దరూ గడి దగ్గరే ఆగిపోయారు. శిక్షణ సంగతి చూడండి. అమెరికా విద్యా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లోనే శిక్షణలపై జరిగిన పరిశోధనలను పరిశీలించి అయిదు అంశాలు ముందుపెట్టారు: సిద్ధాంతం చెప్పడం, చేసి చూపించడం, సాధన చేయించడం, ఎలా చేశారో చెప్పడం, ఆ తర్వాత తరగతి గదిలో తోడుండి సాయపడటం. మనకు దక్కేది మొదటిదొక్కటే. రెండు రోజులు కుర్చీల్లో కూర్చోబెట్టి పంపేస్తే సోమవారం పాఠం ఎందుకు మారుతుంది? జపాన్‌లో ‘జుగ్యో కెంక్యూ’ పద్ధతిలో ఉపాధ్యాయులు కొందరు కలిసి ఒక పాఠం తయారు చేస్తారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు పిల్లలను గమనిస్తారు, తర్వాత కూర్చుని చర్చించుకుంటారు. చాలాచోట్ల అది బడి అంతా ఎంచుకున్న ఒక అంశం చుట్టూనే నడుస్తుంది. లక్ష్యం, శిక్షణ, రోజువారీ పాఠం అక్కడ ఒకే పని.

చరిత్రపుట: ఒకే లక్ష్యమంటే నాకు భయం. అమెరికాలో 2002లో వచ్చిన చట్టం 3 నుంచి 8 తరగతుల వరకు ఏటా చదవడంలో, గణితంలో పరీక్షలు తప్పనిసరి చేసింది. చాలా బడులు సాంఘికశాస్త్రం, సైన్సు, కళల సమయం కోసి ఆ రెండింటికీ ఇచ్చాయి. మా సబ్జెక్టుకు ఇప్పటికే పీరియడ్లు తక్కువ.

బడిగంట: నేను ఎవరి పీరియడ్లూ కోయలేదు. ఒక్క వాక్యం రాయమన్నాను. అయిదు నిమిషాల పని. నిజంగా పాఠం సిద్ధం చేసుకుని వచ్చేవారికి అది బరువు కాదు.

ఎక్కాల మాస్టారు: అంటే నేను సిద్ధం కాకుండా వెళుతున్నాననా? మాట అనేముందు వెనకాముందూ చూసుకోండి మేడమ్. గతంలో నేను పనిచేసిన ఒక బడిలోనూ ఇలాగే ‘అభివృద్ధి కోసం’ అంటూ తరగతి పరిశీలనకు వచ్చారు. కొత్త పద్ధతి ప్రయత్నించి చూడమన్నారు, ప్రయత్నించాను. మొదటిసారి కదా, తడబడ్డాను. ఆరోజు రాసుకున్న కాగితం ఏడాది చివర నా పనితీరు నివేదికలో తేలింది. ఆ తర్వాత ఎవరు తలుపు దగ్గర నిలబడినా, బాగా వచ్చిన పాఠమే మళ్లీ చెబుతున్నాను. పిల్లలకు అది అప్పటికే వచ్చు.

పలకాబలపం: నాకూ ఇదే జరిగింది.

నీలిసిరా: మాస్టారూ, ఈ మాట మొదటే చెప్పవలసింది. మీ కోపం గడిమీద కాదన్నమాట.

బడిగంట: నేను అలా అని ఉండకూడదు మాస్టారూ, క్షమించండి. నేనూ ఒక మాట దాచాను. ఆ లక్ష్యాన్ని స్టాఫ్ మీటింగ్‌లో నిర్ణయించలేదు. గడువు దగ్గరపడిందని ఒక రాత్రి ఒక్కదాన్నే కూర్చుని ప్రణాళిక రాసేశాను. మరుసటి రోజు అందరిచేతా సంతకాలు తీసుకున్నాను.

చరిత్రపుట: మరి ఆ లక్ష్యం ఎవరిది?

బడిగంట: నాదే. అందుకే గడి పెట్టవలసి వచ్చిందేమో. ఈ శనివారం మీటింగ్‌లో పిల్లల నోటు పుస్తకాలు బల్లమీద పెట్టి, అందరినీ చూడమంటాను. ఏది ముందు సరిచేయాలో వాళ్లే చెబుతారు.

ఎక్కాల మాస్టారు: మంచిదే. మీరు తరగతి పరిశీలించినప్పుడు రాసుకునే కాగితం ఎవరి దగ్గర ఉంటుంది?

బడిగంట: పాఠం చెప్పినవారి దగ్గరే. నకలు కూడా తీసుకోను.

ఎక్కాల మాస్టారు: ఆ మాట మీటింగ్ మినిట్స్‌లో రాయించండి. గడి మాత్రం తీసేయాలనే ఇప్పటికీ అంటాను.