"ఏకతాటి"లో ఉన్నది తాడా, తాటిచెట్టా?

అందరికీ నమస్కారం. చెట్లెక్కి కొమ్మలు కొట్టడం నా పని. చంద్రగిరి, పాకాల చుట్టుపక్కల ఇళ్ల మీదికి వంగిన చింతచెట్లు, ముదురు మామిళ్లు ఎక్కువగా చూస్తుంటాను. పోయిన వారం కొత్త తాడు కొనాల్సి వచ్చింది. అది వచ్చిన రోజే నాతో పనిచేసే పిల్లోడు పేపరు చదువుతా అడిగినాడు: "నా, అందురూ ఏకతాటి మీదికి రావాలంట. అంతమంది ఒకే తాటిచెట్టెక్కితే పట్టుకునేదానికి కొమ్మ యాడుంటాదినా?"

నవ్వులాటకు అడగలేదు. వాడికి నిజంగానే అట్ల అర్థమైంది. అందులో వాడి తప్పేమీ లేదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

గూడు గూటికి, నాడు నాటికి, ఏడు ఏటికి అయినట్టే తాడు తాటికి అవుతుంది. తాడి కూడా చెట్టు పక్కన చేరితే తాటిచెట్టే. రెండు మాటలూ ఒకే రూపంలో వచ్చి కలుస్తాయి. పాత తెలుగులో తాడుకు రకారం ఉండేది కాబట్టి త్రాటికీ తాటికీ తేడా చెవికి తెలిసేది. ఆ రకారం పోయింది. దానికి తోడు మనం ఇప్పుడు "తాడుతో కట్టు" అంటున్నామే గానీ "తాటితో కట్టు" అనడం లేదు. ఇంట్లో వినబడని రూపం పేపర్లో ఒక్క జాతీయంలోనే కనిపిస్తే పిల్లోడికి చెట్టు కాక ఇంకేం గుర్తొస్తుంది?

నా మటుకు నాకు "ఒకే తాటి మీద" అంటే తేరు గుర్తొస్తుంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రథం లాగేటప్పుడు ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ ఒకే మోకు పట్టుకుంటారు. ఒకడు ఆగితే ఆ బరువు పక్కవాడి చేతికి తెలుస్తుంది. ఈ జాతీయం అక్కడే పుట్టిందని అనడం లేదు, నాకు అర్థమయ్యేది మాత్రం అట్ల. మీ ఊళ్లలో "తాటితో", "తాటికి" అనేవాళ్లు ఇంకా ఉన్నారా?

పలమనేరు నుంచి ఒక మాష్టారు:
మా అమ్మ "మొలతాటికి తాళంచెవి కట్టుకో" అనేది. ఇప్పుడు మా ఇంట్లో ఆ మాట లేదు. ఇంకో సంగతి, "తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు" అన్నదాంట్లో మాత్రం చెట్టే. దాన్ని తాడు అనుకునేవాళ్లనూ చూశాను. ఏకతాటి కంటే "ఒకే తాటి" అంటేనే నాకు ఇంపుగా ఉంటుంది. తెలుగు తాడుకు సంస్కృతం ముడి ఎందుకు?

పుత్తూరు నుంచి ఒకరు:
అన్నా, "తెగేదాకా లాగొద్దు" అంటారు కదా, అదీ తాడు మాటే. మీ పనిలో నిజంగా ఎంత లాగితే తెగుతుంది? కొత్త తాడు ఏం చూసి కొన్నారు?

నా జవాబు:
మాష్టారూ, మొలతాటికి అన్నది బంగారం లాంటి సాక్ష్యం. రాసిపెట్టుకున్నాను.

తమ్ముడూ, మా తాళ్లకు ఈఎన్ 1891 అని ఒక యూరప్ ప్రమాణం ఉంది. అందులో "టైప్ A" అనే రకం తాడు కనీసం 22 కిలోన్యూటన్లకు ఆగాలి, అంటే సుమారు 2,200 కిలోల బరువు. కొసలకు ముడేసిన తాడైతే 15 కిలోన్యూటన్లను 3 నిమిషాలు మోయాలి. ముడి వేస్తే తాడు బలం తగ్గుతుంది, అది మరిచిపోకూడదు. మనిషి బరువుకు లాగితే ఆ తాడు తెగదు. మాకు భయం కోతా, ఒరిపిడీ. నైలాన్ తాడు నైలాన్ మీద గబగబా ఒరిస్తే వేడికి కరుగుతుంది. కొమ్మ పంగలో నేరుగా వేస్తే బెరడు తాడును తినేస్తుంది, తాడు బెరడును తినేస్తుంది. అందుకే పంగకు రెండు రింగుల పట్టీ వేసి అందులోంచి తాడు పోనిస్తాను.

కొండలెక్కేవాళ్ల తాడు తీసుకోలేదు. పడితే ఆ దెబ్బను మింగడానికి అది బాగా సాగుతుంది. మేము రోజంతా తాడు మీదే వేలాడతాం, అది సాగుతుంటే ఎక్కినంతా కిందికి జారినట్టే. 11.7 మిల్లీమీటర్ల లావు, 45 మీటర్ల పొడవు తీసుకున్నాను. తాడు కొమ్మ మీదుగా రెండు పేటలై దిగుతుంది కాబట్టి 18 మీటర్ల చెట్టుకు అది చాలు. బరువు పడగానే ఎక్కే తాడును బిగించి పట్టే పట్టు ముడికి వేడి తట్టుకునే 10 మిల్లీమీటర్ల తాడు ముక్క విడిగా కొన్నాను. రంపం పట్టినప్పుడు నడుముకు రెండో కట్టు ఉండి తీరాలి, దాని లోపల ఉక్కుతీగ ఉంటుంది. ఒక్క తాడునే నమ్ముకుని రంపం ఆన్ చేయను, ఎవరినీ చేయనివ్వను.

పాత తాడు పైకి బాగానే ఉండె. నూగు లేచింది, అంతే. మీటరు మీటరు వేళ్ల మధ్య జారవిడుస్తుంటే ఒకచోట చదునుగా, మెత్తగా తగిలింది. లోపలి పేటలు నలిగిపోయినాయి. ఇంకెవరూ దాన్ని ఎక్కడానికి వాడకుండా నిన్న ముక్కలు చేసినాం. కత్తి పట్టుకున్నది పిల్లోడే. "నా, ఈ తాటికి ఈడ కూడా మెత్తగుండాది చూడు" అన్నాడు.