ఆరుగురి కుటుంబానికి పాత కారు: విజయవాడ ఎర్టిగాను నమ్మవచ్చా?

ప్రశ్న: మున్నేరు గట్టు (ఖమ్మం)

సభ్యులందరికీ నమస్కారం. మా కుటుంబం కోసం ఒక పాత కారు కొనాలనుకుంటున్నాను, తెలిసినవారి సలహా కావాలి. అమ్మానాన్నలు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు కలిపి ఇంట్లో ఆరుగురం. మోకాళ్ల అరుగుదల వల్ల నాన్నగారు బస్సు మెట్లు ఎక్కలేకపోతున్నారు. ఆయనను వైద్యానికి హైదరాబాదు తీసుకువెళ్లడం, పండుగలకు గుంటూరు వైపు బంధువుల ఇళ్లకు వెళ్లిరావడం, మిగిలిన రోజుల్లో పిల్లల బడి, ఇవే మా అవసరాలు. నెలకు వెయ్యి కిలోమీటర్లకు మించి తిరగదు. కాగితాల ఖర్చు, మొదటి సర్వీసు కలుపుకొని ఏడున్నర లక్షలు దాటకూడదని ఇంట్లో అనుకున్నాము, ఎందుకంటే ఈ డబ్బు నాన్నగారి పదవీ విరమణ సొమ్ములో నుంచి తీస్తున్నాము.

ఇప్పటికి మూడు కార్లు దృష్టిలో ఉన్నాయి. మొదటిది విజయవాడలో అమ్మకానికి ఉన్న 2019 నాటి ఎర్టిగా, స్మార్ట్ హైబ్రిడ్ పెట్రోల్, ఏపీ39 రిజిస్ట్రేషన్. మీటరు అరవై వేల పైచిలుకు చూపిస్తోంది, లోపల సీట్లు, కింద పరిచిన మ్యాటింగు అన్నీ కొత్తవి, ధర మా ఊళ్లోని అదే సంవత్సరపు కార్ల కంటే బాగా తక్కువ. రెండోది ఖమ్మంలోనే తెలిసినవారి 2013 ఇన్నోవా డీజిల్, రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. మూడోది ఏడు సీట్ల 2021 ట్రైబర్, ఒకే యజమాని వాడినది. ఇంట్లో అందరి మనసూ ఎర్టిగా మీదే ఉంది, కానీ ధర అంత తక్కువ ఎందుకుందో అమ్మే ఏజెంటు స్పష్టంగా చెప్పడం లేదు. దయచేసి దారి చూపగలరు.

సమాధానం 1: పానా పట్టిన చేయి (గుంటూరు)

నమస్కారం అండి. నేను వర్క్‌షాపు నడుపుతున్నాను. మీరు రాసిన వివరాల్లో నన్ను ఆపిన మాట ఒక్కటే: ఆరేడేళ్ల కారులో సీట్లు, మ్యాటింగు కొత్తవి కావడం. అరవై వేల కిలోమీటర్లకు ఎర్టిగా సీట్లు మార్చవలసినంతగా పాడవవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అజిత్ సింగ్ నగర్, పాయకాపురం వైపు వేల వాహనాలు రోజుల తరబడి బురద నీటిలోనే ఉండిపోయాయి. అదే వానల్లో మీ మున్నేరు కూడా పొంగింది కాబట్టి ఆ నీరు ఇంట్లోకి వస్తే వస్తువులు ఏమవుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ కార్లలో చాలావాటిని కడిగి, ఆరబెట్టి, కొత్త గుడ్డ తొడిగి మళ్లీ రోడ్డు మీదకు తెచ్చారు. మీరు చూసిన కారు అలాంటిదేనని నేను అనడం లేదు, కాదని నిర్ధారించుకున్న తరువాతే ధర మాట్లాడండి అంటున్నాను.

నిర్ధారించుకోవడం కష్టం కాదు. ముందు సీటు బెల్టును చివరి అంగుళం వరకు బయటికి లాగండి. మామూలుగా బెల్టులో పై భాగమే వాడకంలో ఉంటుంది, లోపల చుట్టుకుని ఉన్న భాగాన్ని కడగాలన్న ఆలోచన ఎవరికీ రాదు, అందుకే నీరు ఎక్కడి వరకు వచ్చిందో అక్కడ మట్టి రంగు గీత నిలిచిపోతుంది. తరువాత ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, అది జరిగే పట్టాలను, వాటి బోల్టులను టార్చి వేసి చూడండి. అక్కడ తుప్పు పొరలుగా లేస్తుంటే కారణం వాన చెమ్మ కాదు. డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగు దిగువన ఉండే వైరింగు కనెక్టర్లలో ఒకటి విప్పించి చూడండి, రాగి పిన్నుల మీద పచ్చని చిలుము కనిపిస్తే ఆ కారును అక్కడే వదిలిపెట్టి రండి. డోరు అంచున ఉండే ప్లాస్టిక్ పట్టీని ఎత్తి, మ్యాటింగు కింద వేలు పెట్టి తడిమితే ఒండ్రు తగులుతుంది. డిక్కీ మూలల్లో, హెడ్‌లైటు గ్లాసు లోపలి అడుగున కూడా సన్నని మట్టి మిగిలిపోతుంది. కారులోకి ఎక్కగానే సెంటు వాసన గాఢంగా ఉంటే అద్దాలన్నీ మూసి, పది నిమిషాలు ఎండలో ఉంచి, తరువాత ఏసీ వేసి చూడండి.

ఈ మోడల్‌కు మరో ప్రత్యేకత ఉంది. స్మార్ట్ హైబ్రిడ్‌లో మామూలు ఆల్టర్నేటరు స్థానంలో మోటారు పని కూడా చేసే జనరేటరు ఉంటుంది, దానికి తోడు ముందు సీటు కింద ఒక లిథియం బ్యాటరీ ఉంటుంది. 2018 మే 4 నుంచి 2020 అక్టోబరు 27 వరకు తయారైన ఎర్టిగా, సియాజ్, బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 పెట్రోల్ కార్లలో మొత్తం 1,81,754 కార్లను ఈ జనరేటరు యూనిట్ తనిఖీ కోసం 2021 సెప్టెంబరులో మారుతి వెనక్కి పిలిచింది. తనిఖీ పూర్తయ్యేదాకా నీరు నిలిచిన రోడ్ల మీద నడపవద్దని, విద్యుత్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టవద్దని యజమానులకు అప్పుడే సూచించింది. మీరు చూసిన 2019 కారు ఆ కాలానిదే. ఛాసిస్ నంబరు తీసుకుని ఏ అధీకృత సర్వీసు సెంటరులో అడిగినా ఆ పని జరిగిందో లేదో చెబుతారు, అదే కూర్చున్నచోట సర్వీసు చరిత్ర కూడా బయటపడుతుంది, దానితో మీటరు నిజమో కాదో తేలిపోతుంది. సర్వీసు రికార్డు 2024 ఆగస్టు దాకా వరుసగా ఉండి ఆ తరువాత ఒక్కసారిగా ఆగిపోయి ఉంటే, నా అభిప్రాయం వేరే చెప్పనక్కరలేదు.

నీటి భయం లేదని తేలితే ఎర్టిగా మీకు సరైన ఎంపికే. ఆ 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజను టైమింగ్ చైనుతో నడుస్తుంది, వేళకు ఆయిల్ మార్చినవారికి పెద్దగా ఇబ్బంది పెట్టదు, విడిభాగాలు మండల కేంద్రాల్లో కూడా దొరుకుతాయి. కారును పొద్దున్నే, అప్పటి వరకు స్టార్ట్ చేయకుండా ఉంచమని చెప్పి, మీ ఎదురుగా సెల్ఫ్ కొట్టించండి. బానెట్ మీద చెయ్యి వేసినప్పుడు వెచ్చగా తగిలితే మరో రోజు రండి.

సమాధానం 2: నష్టం అంచనా (విజయవాడ)

పానా పట్టిన చేయి గారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వాహన బీమా నష్టాల అంచనా పనిలో ఉన్నవాడిగా కాగితాల వైపు నుంచి కొన్ని విషయాలు జోడిస్తాను.

మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దానిని పూర్తి నష్టంగా లెక్కకట్టి యజమానికి డబ్బు చెల్లిస్తుంది, పాడైన కారును వేలంలో అమ్ముతారు. వరద తరువాత తక్కువ ధరకు తిరిగే కార్లలో చాలావరకు ఆ దారిలో వచ్చినవే. దీనిని పట్టుకోవడానికి పాత పాలసీలే మంచి ఆధారం. క్లెయిము చేయని యజమానికి నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఏటా 20, 25, 35, 45, 50 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది, ఒక్క క్లెయిము చేస్తే సున్నాకు పడిపోతుంది. కాబట్టి ఇప్పటి పాలసీ ఒక్కటే కాకుండా 2023 నుంచి ఉన్న పాలసీలన్నీ అడగండి. 2024 వేసవిలో 50 శాతం ఉన్న బోనస్ మరుసటి ఏడాది సున్నా అయితే, ఆ మధ్యలో ఏం జరిగిందో అమ్మేవారు కాగితంతో సహా చెప్పాలి. అయితే బోనస్ యజమానిది, కారుది కాదు. మధ్యలో కారు చేతులు మారినా సున్నా అవుతుంది, బోనస్ రక్షణ యాడ్-ఆన్ ఉంటే క్లెయిము చేసినా తగ్గకపోవచ్చు. అందువల్ల పాలసీ నంబరుతో బీమా కంపెనీనే క్లెయిముల చరిత్ర అడగమని అమ్మేవారితో చెప్పండి. నిజాయతీగా అమ్మేవారికి అందులో అభ్యంతరం ఉండదు.

మీరు గమనించవలసిన మరో ఖర్చు ఉంది. కారు ఆంధ్రప్రదేశ్‌ది, మీరు తెలంగాణలో ఉంటున్నారు. అమ్మేవారు ముందుగా ఫారం 28తో ఇక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, మీరు యాజమాన్య బదిలీకి ఫారం 29, 30తో పాటు కొత్త నంబరు కోసం ఫారం 27 పెట్టి టీజీ04 (ఖమ్మం) నంబరు తీసుకోవాలి, కారు వయసును బట్టి తెలంగాణ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆర్‌సీ మీద ఫైనాన్సు ఉన్నట్టయితే అప్పు తీరిందని చూపే ఫారం 35, అప్పు ఇచ్చిన సంస్థ లేఖ లేకుండా ఏదీ కదలదు. ఈ మొత్తం ఎంతవుతుందో ఖమ్మం రవాణా కార్యాలయంలో ముందే అడిగి, ఏజెంటు చెప్పిన ధరకు కలిపి చూడండి. ఇంట్లో అందరినీ ఆకర్షించిన తేడా అక్కడే చాలావరకు కరిగిపోవచ్చు.

సమాధానం 3: మెట్ట దారి (నల్లగొండ)

ఎర్టిగా బాగోగులు పెద్దలు చెప్పారు, మిగిలిన రెండింటి గురించి నేను చెబుతాను. నాన్నగారి మోకాళ్లు అలా ఉన్నప్పుడు ఇన్నోవా వద్దు. అది ఎంత గట్టి బండి అయినా నేల నుంచి ఎత్తుగా ఉంటుంది, ప్రతిసారీ ఆయన ఒక మెట్టు ఎక్కినట్టు ఎక్కవలసి వస్తుంది. పైగా 2013 కారుకు 2028లో పదిహేనేళ్లు నిండుతాయి, మళ్లీ ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఖర్చులు వస్తాయి. నెలకు వెయ్యి కిలోమీటర్ల లోపు తిరిగేవారికి డీజిల్ వల్ల మిగిలేది కూడా చాలా తక్కువ.

ట్రైబర్‌ను మాత్రం అంత తేలికగా పక్కన పెట్టకండి. కార్లను ఢీకొట్టించి భద్రతను అంచనా వేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2019లో పెద్దల రక్షణకు ఎర్టిగాకు 3 నక్షత్రాలు వస్తే, 2021లో ట్రైబర్‌కు 4 వచ్చాయి. మీరు ఆరుగురే కాబట్టి వెనక వరుసలో ఒక సీటు ఊడదీసి ఇంట్లో పెట్టేస్తే సామానుకు చోటు దొరుకుతుంది. అది ఒక లీటరు ఇంజను, 72 హార్స్‌పవర్, నిజమే. ఏసీ వేసి ఆరుగురితో హైవే మీద లారీని దాటాలంటే ముందుగానే గేరు తగ్గించి, దూరం చూసుకుని దాటాలి. మీ ప్రాంతంలో ఘాట్ రోడ్లు లేవు, నిదానంగా నడిపేవారైతే సరిపోతుంది. ఒకే యజమాని, నాలుగేళ్ల చరిత్ర కళ్ల ముందు ఉండటం చిన్న విషయం కాదు.

ఏ కారు ధర మాట్లాడినా ఈనాటి కొత్త కారు ధర చేతిలో పెట్టుకుని మాట్లాడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గి కొత్త కార్ల ధరలు దిగాయి, కానీ పాత కార్లు అమ్మేవారిలో కొందరు ఇప్పటికీ వెనకటి ధరల మీదే లెక్క కడుతున్నారు.

మళ్లీ: మున్నేరు గట్టు (ఖమ్మం)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పాత పాలసీలు, ఛాసిస్ నంబరు అడిగితే ఏజెంటు టోకెన్ అడ్వాన్సు ఇచ్చిన తరువాతే ఇస్తానన్నాడు, మ్యాటింగు ఎత్తి చూడటానికి ఒప్పుకోలేదు. అందువల్ల ఆ కారు ఆలోచన విరమించుకున్నాను. ట్రైబర్‌తో పాటు, ఖమ్మం రిజిస్ట్రేషన్ ఉన్న మరో 2019 ఎర్టిగా దొరికింది, సర్వీసు పుస్తకం పూర్తిగా ఉంది, ధర కాస్త ఎక్కువ. రెండు సందేహాలు మిగిలాయి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్ ఈ పాత కార్లకు హాని చేస్తుందా? డబ్బు ఇచ్చిన రోజున ఏయే కాగితాలు చేతికి రావాలి?

సమాధానం: పానా పట్టిన చేయి (గుంటూరు)

మంచి నిర్ణయం తీసుకున్నారు. ఇథనాల్ విషయంలో, 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలోని పైపులు, సీళ్లు ఆ పెట్రోల్‌ను తట్టుకునేలా వస్తున్నాయి. మీరు చూస్తున్న రెండూ అంతకు ముందువే. కారు వెంటనే ఆగిపోతుందన్న భయం అక్కరలేదు, మైలేజీ కొంత తగ్గుతుంది, రబ్బరు భాగాలు కాలక్రమేణా గట్టిపడే అవకాశం ఉంది. ప్రతి సర్వీసులో పెట్రోల్ పైపులు, వాటి జాయింట్లు చూడమని అడగండి, వారాల తరబడి కారును కదపకుండా ఉంచకండి. రెండు కార్లకూ టైర్ల పక్కభాగం మీద ముద్రించి ఉండే నాలుగంకెల తయారీ తేదీ చూడండి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ఆరేళ్లు దాటిన టైర్లయితే గాడి బాగున్నా మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. నాన్నగారిని కూడా తీసుకువెళ్లి మధ్య వరుసలో కూర్చోబెట్టి దింపి చూడండి. రెండింటిలో ఆయనకు ఏది సులువుగా ఉంటే దాని వైపే నేను మొగ్గుతాను.

సమాధానం: నష్టం అంచనా (విజయవాడ)

రాష్ట్రం లోపలి అమ్మకమైతే 14 రోజుల్లో అమ్మినవారు రవాణా శాఖకు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి పేరు మార్చడం మీకెంత అవసరమో అమ్మేవారికీ అంతే అవసరం, ఈ మాట వారికి చెబితే త్వరగా సహకరిస్తారు. డబ్బు ఇచ్చిన రోజున సంతకాలు చేసిన ఫారం 29, 30, ఒరిజినల్ ఆర్‌సీ, బీమా పాలసీ, కాలుష్య ధ్రువపత్రం, రెండు తాళాలు తీసుకోండి. డెలివరీ నోటు మీద తేదీతో పాటు కారు మీ చేతికి వచ్చిన గంట కూడా రాయించి, అంతకు ముందటి చలానాలకు, కేసులకు బాధ్యత అమ్మినవారిదేనని ఇద్దరూ సంతకాలు చేయండి. చలానాలు మాత్రం వారి ఎదుటే ఫోనులో చూసి, అక్కడే కట్టించండి. థర్డ్ పార్టీ బీమా కారుతో పాటు మీకు వచ్చినట్టే లెక్క, కానీ మీ కారుకు జరిగే సొంత నష్టం మీద క్లెయిము రావాలంటే పాలసీ మీ పేరుకు మారాలి. ఆ దరఖాస్తు 14 రోజుల్లోపు కంపెనీకి చేరేలా చూసుకోండి, అది పూర్తయిన తరువాతే హైదరాబాదు ప్రయాణం పెట్టుకోండి.