పాత ట్రాక్టర్ ఇంజిన్: రింగులు మారిస్తే చాలా, మొత్తం విప్పాలా?

పాలకొండ రైతు: అన్నలూ, మా పాత మూడు సిలిండర్ల ట్రాక్టర్ దమ్ములోకి (నీళ్లు పెట్టిన పొలం దున్నడానికి) దిగితే నీలం పొగ కక్కుతోంది, ఆయిల్ మూత తీస్తే అక్కడా పొగే. ఉభాల్లోపు (వరి నాట్లలోపు) బండి కావాలి, టెన్షన్‌గా ఉంది. పిస్టన్ రింగులు మారిస్తే సరిపోతుందా?

బొబ్బిలి మెకానిక్: తమ్ముడూ, నీలం పొగంటే ఆయిల్ కాలుతున్నట్టే. మూత దగ్గర కూడా కొడుతోందంటే రింగులు గానీ లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు) గానీ అరిగిపోయి ఉంటాయి. హెడ్ (ఇంజిన్ పైభాగం) దించి లైనర్ పైఅంచు కింద వేలితో తడిమి చూడు, గట్టు బాగా తగిలితే కొత్త రింగులు వేసినా దండగే, లైనర్లు, పిస్టన్లు మార్చాల్సిందే. విప్పేటప్పుడు కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్) క్యాపులు ఏ రాడ్‌వి ఆ రాడ్‌కే, అదే వైపు పడాలి, మారిపోతే బేరింగులు పట్టేస్తాయి. అందుకే నువ్వు దగ్గరుండి నంబర్లు చూసుకో, లేకపోతే గుర్తులు పెట్టించు.

రాజాం నుంచి: క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) లేత్ షాపులో మైక్రోమీటర్‌తో కొలిపించండి. గ్రైండింగ్ చేయిస్తే క్రాంక్ సన్నబడుతుంది, దానికి సరిపడా అండర్‌సైజ్ బేరింగులే వేయాలి.

పాలకొండ రైతు: మరి బిగించేటప్పుడు?

బొబ్బిలి మెకానిక్: రింగుల గ్యాపులు ఒకే వరసలో ఉండకూడదు. టైమింగ్ గేర్ల (క్రాంక్‌తో వాల్వుల వేళ కలిపే గేర్ల) గుర్తులు కలవాలి. హెడ్ బోల్టులు నడుమ నుంచి బయటికి, విడతలవారీగా, టార్క్ రెంచితోనే (ఎంత బిగువో కొలిచే రెంచితోనే) బిగించాలి. కొత్తలో దమ్ముకి దించకు, కొన్నాళ్లు ట్రాలీకి తేలిక లోడు వేసి తిప్పి, ఆయిలూ ఫిల్టరూ మార్చాకే పొలంలోకి దింపు.