ఫైనాన్స్ ఇంటర్న్‌షిప్‌కు ఎప్పటి నుంచి సిద్ధపడాలి? మీ అనుభవాలు చెప్పండి

గోదావరి_గట్టు:
మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు రొయ్యల చెరువులు చేస్తారు. నేను హైదరాబాద్‌లో బీకాం రెండో సంవత్సరం. ఈక్విటీ రీసెర్చ్‌లో, అంటే కంపెనీల షేర్లను విశ్లేషించే పనిలో, ఇంటర్న్‌షిప్ చేయాలని గట్టి కోరిక. సీనియర్లు మాత్రం మూడో ఏడాది చూసుకోవచ్చు అంటున్నారు. మా బంధువుల్లో ఈ రంగంలో ఎవరూ లేరు. ఇప్పుడే మొదలుపెడితే తొందరపాటా?

లెక్కల_పుస్తకం:
తొందరపాటు కానే కాదు. నేను మూడో ఏడాది డిసెంబరులో మొదలుపెట్టాను. అప్పటికే చాలాచోట్ల ఎంపికలు అయిపోయాయి. పిలిచిన ఒక్కచోట "మీకు బాగా తెలిసిన కంపెనీ గురించి చెప్పండి" అన్నారు. నోట మాట రాలేదు. ఎక్సెల్ కోర్సులు మూడు చేశాను గానీ, ఒక్క వార్షిక నివేదికనూ పూర్తిగా చదవలేదు. ఆ రోజు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

మీకు చెరువులు తెలుసు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. రొయ్యల మేత తయారుచేసే అవంతి ఫీడ్స్ ఐదేళ్ల వార్షిక నివేదికలు కంపెనీ వెబ్‌సైటు నుంచి దించుకోండి. రొయ్యల మేతకయ్యే ఖర్చులో సోయాపిండి, చేపపిండిదే పెద్ద భాగం. 2021లో సోయాపిండి ధర ఎంతగా మండిపోయిందంటే, జన్యుమార్పిడి సోయాపిండి దిగుమతికి కేంద్రం అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. 2021-22లో కంపెనీ లాభం తగ్గింది. ఎందుకు తగ్గిందో నివేదికలో వెతకండి. మేత ధర పెరిగినప్పుడు మీ ఊళ్లో రైతులు ఏం చేశారో నాన్నగారిని అడగండి. ముంబైలో కూర్చుని అంకెలు చూసేవారికి ఆ రెండోది అంత సులువుగా తెలియదు.

అంకెలన్నీ మీ చేత్తోనే ఎక్సెల్‌లోకి ఎక్కించండి. లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ, నగదు ప్రవాహం మూడూ ఒకదానితో ఒకటి సరిపోయేదాకా వదలకండి.

వేసవి_వాన:
నాది ఎంఏ ఎకనామిక్స్. ముందుముందు పీజీ చేసే ఆలోచన ఉంటే రిజర్వు బ్యాంకు వేసవి ఇంటర్న్‌షిప్ గుర్తుపెట్టుకోండి. దరఖాస్తులు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు, పని ఏప్రిల్ నుంచి జులై మధ్య. చివరి ఏడాదికి ముందు ఏడాది చదువుతున్నవారికే అవకాశం. అంటే రెండేళ్ల పీజీలో చేరి ఊపిరి పీల్చుకునేలోపే గడువు వచ్చేస్తుంది. మా తరగతిలో చాలామందికి ఈ సంగతి జనవరిలో తెలిసింది.

డల్లాస్_తెలుగు:
అమెరికాలో ఇంకా ముందు. పెద్ద పెట్టుబడి బ్యాంకులు వేసవి ఇంటర్న్‌లను ఏడాదికి పైగా ముందే ఎంచుకుంటాయి. ఎఫ్-1 విద్యార్థి వీసాపై డిగ్రీకి వచ్చినవారు సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే సీపీటీపై, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతిపై, పనిచేయగలరు. కాబట్టి మొదటి ఏడాదిలోనే సీనియర్లతో మాట్లాడటం మొదలుపెట్టాలి.

గోదావరి_గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. పెట్టుబడి విశ్లేషకులు రాసే అంతర్జాతీయ పరీక్ష సీఎఫ్ఏ ఇప్పుడే రాయాలా?

లెక్కల_పుస్తకం:
డిగ్రీ పూర్తికావడానికి 23 నెలల ముందు నుంచే మొదటి లెవెల్ రాయవచ్చు. కానీ ఫీజు ఎక్కువ, 180 ప్రశ్నలకు నెలల తరబడి చదవాలి. ఇంట్లో డబ్బుకు ఇబ్బందైతే ముందు సెబీ ఏర్పాటు చేసిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం పెట్టే రీసెర్చ్ అనలిస్టు పరీక్ష రాయండి. నా మాట అడిగితే, ఈ రెండింటికంటే ముందు మీ అవంతి ఎక్సెల్ షీటు.

గోదావరి_గట్టు:
2021-22 నివేదిక దించుకున్నాను. నాన్నగారు పాత మేత బిల్లులన్నీ దాచారట. ఆదివారం ఊరికి వెళుతున్నాను. బస్తా ధరలు రాసుకుని వచ్చి ఇక్కడ పెడతాను, తప్పులుంటే చెప్పండి.