రోజంతా టైమ్-ల్యాప్స్: ఫోన్ చాలా, ఇంటర్వల్ టైమర్ కొనాల్సిందేనా?

పానగల్ కట్ట:
అన్నలూ, నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీకు తెలిసిందే. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా ఒకే చోట నిలబడుతుందని ప్రసిద్ధి. ఆ నీడను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, దాదాపు 9 గంటలు, టైమ్-ల్యాప్స్ (ఆగి ఆగి తీసిన ఫ్రేములను కలిపి గంటలను సెకన్లలో చూపే వీడియో) తీయాలని ఉంది. గుడిలో తీయడానికి అనుమతి కోసం అడుగుతున్నా. నా దగ్గర కెనాన్ 1500డి, ట్రైపాడ్ ఉన్నాయి. ఈ కెమెరాలో ఇంటర్వల్ షూటింగ్, అంటే ఇన్ని సెకన్లకొకటి అని తనే ఫొటోలు కొట్టే ఏర్పాటు, లేదు; వేరే టైమర్ కొని తగిలించాలి. దోస్తులేమో "ఫోన్ పెట్టి వదిలెయ్, టైమర్‌కు పైసలు దండగ" అంటున్నారు. ఏది నిజం?

కోయిల్‌సాగర్:
ఫోన్ చాలు తమ్మీ. జూరాల గేట్లు ఎత్తినప్పుడు నేను ఫోన్‌తోనే తీశాను. నీళ్లు, మబ్బులు మంచిగా వచ్చాయి. బటన్ నొక్కితే అయిపోయె. పైగా ఎడిటింగ్ బాధ లేదు, అక్కడికక్కడే వీడియో చేతికొస్తుంది. చూసేవాళ్లు కూడా చివరికి ఫోన్‌లోనే చూస్తారు కదా. టైమర్, కేబుల్, సెల్లులు, ఇంత టెన్షన్ ఎందుకు?

దేవరకొండ:
జూరాల గేట్లకు ఫోన్ చాలు, ఒప్పుకుంటా. ఈ నీడకు మాత్రం చాలదు. గేట్ల వీడియోలో నీళ్లు ఉరకడం కనబడితే పని అయినట్టే. ఇక్కడ అలా కాదు. నీడ కదిలిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. చూసినవాడు "నువ్వేమైనా మార్చావా?" అని అడిగితే చూపించడానికి చేతిలో ఏదో ఉండాలి.

ఫోన్ ఏం చేస్తుందో చూడండి. ఐఫోన్ టైమ్-ల్యాప్స్‌లో ఎన్ని సెకన్లకు ఒక ఫ్రేమ్ అన్నది మన చేతిలో ఉండదు. రికార్డింగ్ సాగేకొద్దీ అది వ్యవధిని రెట్టింపు చేసుకుంటూ పోతుంది, ముందు తీసినవాటిలో కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది. వీడియో అర నిమిషం అటూ ఇటూగా రావాలన్నదే దాని లెక్క. చివరికి మిగిలేది వీడియో ఒక్కటే, విడి ఫొటోలు ఉండవు. పదకొండున్నరకు నీడ అంచు ఎక్కడుందో కొలుద్దామంటే కొలవడానికి ఫ్రేమే ఉండదు. టైమర్‌తో తీస్తే నిమిషానికొక ఫొటో, దాని ఫైల్‌లో గంట, నిమిషం, షట్టర్ వేగం అన్నీ రాసి ఉంటాయి. 9 గంటలకు 540 ఫొటోలు. సెకనుకు 25 ఫ్రేములు వేసుకుంటే దాదాపు 22 సెకన్ల వీడియో.

తమ్మీ, 1500డికి పెద్ద కంపెనీ టైమరే అక్కర్లేదు. 2.5 ఎంఎం పిన్ ఉన్నది ఏదైనా పడుతుంది, కొనేముందు ఆ పిన్ ఒక్కటి చూసుకో. మీటల దగ్గర ఒక మెలిక ఉంది. మామూలు టైమర్లలో ఫొటోల సంఖ్య పెట్టే దగ్గర 399 దాటదు. 540 కావాలంటే అంకె తీసేసి రెండు గీతలు వచ్చేదాకా దించాలి, అప్పుడు మనం ఆపేదాకా కొడుతూనే ఉంటుంది. ఇది తెలియక సంఖ్య 399 దగ్గర వదిలేస్తే మధ్యాహ్నం తర్వాత కెమెరా కిమ్మనకుండా ఆగిపోతుంది. ఇంకోటి, కొన్ని టైమర్లు వ్యవధిని షట్టర్ తెరిచినప్పటి నుంచి లెక్కేస్తాయి, కొన్ని మూసిన తర్వాత. ఇంట్లో గడియారం ఎదురుగా పెట్టి పది ఫొటోలు కొడితే తేలిపోతుంది.

కెమెరాలో ఆటో పవర్ ఆఫ్ తీసెయ్. ఫోకస్ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఒకే దగ్గర, ఎక్స్‌పోజర్ (ఫొటోకు ఎంత వెలుగు పట్టాలన్నది) కూడా మాన్యువల్. నీడ ఎంత చిక్కగా ఉందన్నది కూడా పొద్దుతో మారుతుందేమో, అది కనబడాలంటే కెమెరా తన ఇష్టానికి వెలుగు సర్దకూడదు.

పాలమూరు స్టూడియో:
టైమర్ కొనమన్నది సరే. మాన్యువల్ ఎక్స్‌పోజర్ మాటే నేను ఒప్పుకోను. గర్భగుడి చీకటి. మధ్యాహ్నం వెలుగుకు సెట్ చేసి వదిలేస్తే పొద్దున్నే, సాయంత్రం ఫ్రేములు నల్లగా వస్తాయి, నీడ అంచే కనబడదు. అంచు కనబడని ఫొటో సాక్ష్యం ఎలా అవుతుంది? అపర్చర్ ప్రయారిటీలో పెట్టండి, లెన్స్ రంధ్రం మనం పెట్టినట్టే ఉంటుంది, వెలుగును బట్టి షట్టర్ వేగం కెమెరా మార్చుకుంటుంది. వెలుగు ఎంత మారిందో ఎలాగూ షట్టర్ వేగం ఫైల్‌లోనే రాసి ఉంటుంది, దాచేదేమీ లేదు.

దేవరకొండ:
రాసి ఉంటుంది సార్, నిజమే. కానీ అది గుడి, స్టూడియో కాదు. పూజారి గారు హారతి ఇస్తారు, భక్తులు దీపం పట్టుకుని వస్తారు, ఎవరిదో తెల్ల చొక్కా అడ్డం వస్తుంది. ప్రతిసారీ ఆటో ఒక ఫ్రేములో వెలుగు తగ్గిస్తుంది, ఇంకో ఫ్రేములో పెంచుతుంది. వరుసగా చూస్తే గోడ మినుకు మినుకుమంటుంది. ఆ మినుకులో నీడే కదిలిందని చూసేవాడు అనుకుంటాడు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్‌లోంచి వెనక వెలుగు దూరినా ఆటో లెక్క తప్పుతుంది. మాన్యువల్‌లో ఆ గొడవ లేదు. అయినా వ్యూఫైండర్ మీద నల్ల టేపు వేయి తమ్మీ.

పాలమూరు స్టూడియో:
హారతి సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, అది పెద్ద పాయింటే. అయితే ఇలా చేయండి. మాన్యువల్‌లోనే బ్రాకెటింగ్ పెట్టి, డ్రైవ్ సింగిల్‌లో (ఒక నొక్కుకు ఒకే ఫొటో) ఉంచి, టైమర్‌ను 20 సెకన్లకు పెట్టండి. టైమర్ ఒక్కోసారి నొక్కినప్పుడు ఒకటి మామూలుగా, తర్వాతది రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగం లేదా రెట్టింపు) తక్కువ, ఆ తర్వాతది రెండు స్టాపులు ఎక్కువ పడుతుంది. నిమిషానికి మూడూ పూర్తి. మూడు వరుసలూ విడివిడిగా స్థిరమైన ఎక్స్‌పోజర్‌లో ఉంటాయి. పొద్దున్నే వెలుగు ఎక్కువ పట్టిన వరుసలో అంచు దొరుకుతుంది, మధ్యాహ్నం మామూలు వరుసలో. మీ మాటా నిలబడుతుంది, నా మాటా.

కోయిల్‌సాగర్:
అయితే 1620 క్లిక్కులు! ఒక్క నీడ కోసం షట్టర్ అరగదా సార్? ఇలాంటి కెమెరాలకు లక్ష దాకా అని అంటారు కదా.

పాలమూరు స్టూడియో:
లక్షలో రెండు వేలు కూడా కాదు. పెండ్లి సీజన్‌లో మా కెమెరాలు అంతకన్నా ఎక్కువే కొడతాయి. మీరు అడగాల్సింది బ్యాటరీ గురించి. 1500డి బ్యాటరీ ఒకసారి చార్జింగ్‌కు 500 ఫొటోల దాకా ఇస్తుంది. మధ్యలో మార్చాలంటే దాని తలుపు కెమెరా అడుగున, ట్రైపాడ్ ప్లేట్ పక్కనే ఉంటుంది. ప్లేట్ విప్పితే ఫ్రేమ్ కదిలింది, కథ ముగిసింది. డమ్మీ బ్యాటరీ, అంటే బ్యాటరీ ఆకారంలో ఉండి వైరుతో కరెంటు ఇచ్చేది, వేసి పవర్ బ్యాంక్‌కు కలపాలి. కార్డు కూడా ఆ తలుపు వెనకే ఉంటుంది కాబట్టి మధ్యలో మార్చే ముచ్చటే లేదు. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫొటో) ఒక్కోటి సుమారు 30 ఎంబీ అనుకున్నా 49 జీబీ దాకా అవుతుంది. ముందే 64 జీబీ కార్డు ఖాళీ చేసి పెట్టు.

కోయిల్‌సాగర్:
ఇంత కష్టం ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. నేరుగా ఎండ పడి వచ్చే నీడ కాదది, స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగు వల్ల నిలబడే నీడ అని చెబుతూనే ఉన్నారు కదా. సంగతి తెలిసినప్పుడు ఒక ఫోన్ వీడియో చాలదా?

దేవరకొండ:
చెబుతున్నారు, ఆ వివరణ నాకూ నచ్చింది. అందుకే గంటగంటకూ వెలుగు ఎలా మారిందో, నీడ ఎలా నిలబడిందో ఒకే చోటి నుంచి తీసిన ఫ్రేములు మన జిల్లా పిల్లలకు చూపించాలి. కుందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం మన ఊరి పక్కనే ఉంటే, దాని నీడను ఫోన్ ఇష్టానికి వదిలేయడం నాకు సమ్మతం కాదు.

పానగల్ కట్ట:
టైమర్ కొంటున్నా అన్నా. 20 సెకన్లు, మాన్యువల్, బ్రాకెటింగ్, డమ్మీ బ్యాటరీ, టేపు, అన్నీ రాసుకున్నా. పవర్ బ్యాంక్, కేబుళ్లు లోపల పెట్టనిస్తారో లేదో అడగాలి. ఒద్దంటే ట్రైపాడ్ గడప బయట పెట్టి, జూమ్ లెన్స్‌తో తీస్తా. దూరం నుంచి భక్తులు ఎక్కువసార్లు అడ్డం వస్తారు, అట్లైతే వ్యవధి 20 కంటే తగ్గించాలా?

పాలమూరు స్టూడియో:
10కి తగ్గించు. మనుషులు అడ్డం వచ్చినవి తీసేసినా నిమిషానికి ఒక మంచి సెట్టు మిగిలే అవకాశం ఎక్కువ. కార్డు మాత్రం 128 జీబీ తీసుకో.