1:7 ట్విస్ట్ బ్యారెల్‌లో 40 గ్రెయిన్ల బుల్లెట్లు వాడొచ్చా?

లబ్బక్_కుర్రాడు:

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో లబ్బక్ దగ్గర ఉంటాను. రైఫిల్ పట్టి ఇంకా ఏడాది కాలేదు. మొన్న మార్చిలో సెకండ్ హ్యాండ్‌లో .223 తూటా కాల్చే బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి కొన్నాను. ట్విస్ట్ (బ్యారెల్ లోపలి మెలి గ్రూవులు బుల్లెట్‌ని తిప్పే తీరు) 1:7 అని అమ్మినతను చెప్పాడు. మా ఆఫీసులో ఒకాయనకి పశువుల పొలం ఉంది. ప్రెయిరీ డాగ్‌లు (ఉడుత జాతి జంతువులు) బొరియలు తవ్వేస్తున్నాయి, వచ్చి కాల్చిపెట్టమన్నాడు. తేలిక బుల్లెట్లయితే నేలకి తగలగానే పిండైపోతాయని ఎవరో చెబితే 40 గ్రెయిన్లవి (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) ఐదు డబ్బాలు తెచ్చుకున్నాను.

100 గజాల్లో ఐదేసి రౌండ్లు కాల్చి చూశాను. 69 గ్రెయిన్లవి ముప్పావు అంగుళంలో పడ్డాయి. 40 గ్రెయిన్లవి మాత్రం అంగుళం ముప్పావు దాకా చెదిరిపోయాయి. మూడుసార్లు చేసినా అంతే. బుల్లెట్లు కొన్న షాపులో అడిగితే "ఇంత వేగంగా తిప్పే బ్యారెల్‌లో తేలిక బుల్లెట్ నిలబడదు" అన్నారు. రేంజ్‌లో ఒక పెద్దాయన "గాల్లోనే పేలిపోతుంది" అన్నాడు. ఎవరి మాట నిజం? బ్యారెల్ మార్పించాలా? పెట్టిన డబ్బు గురించి టెన్షన్‌గా ఉంది.

పాత_ఇనుము:

అమ్మేసి 1:12 ఉన్నది తీసుకో తమ్ముడూ. నాది పాతకాలం .223, ట్విస్ట్ 12. 50 గ్రెయిన్లవి ఒకదాని పక్కన ఒకటి గుద్దినట్టు పడతాయి. 7 అనేది మిలిటరీ వాళ్ల కోసం పుట్టింది.

గుంటూరు_బాబాయ్:

తమ్ముడూ, తొందరపడి ఏదీ అమ్మకు. హ్యూస్టన్‌లో పద్దెనిమిదేళ్లుగా కాలుస్తున్నాను. ఈ విషయంలో నేను చేసిన ఖర్చు నువ్వు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

1:7 అంటే బుల్లెట్ ఏడు అంగుళాలు ముందుకెళ్లేలోపు ఒక చుట్టు తిరుగుతుంది. ఎంత ట్విస్ట్ కావాలన్నది బుల్లెట్ బరువు కన్నా దాని పొడవు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. 1879లో గ్రీన్‌హిల్ అనే ఇంగ్లీషు గణితశాస్త్రవేత్త ఇచ్చిన లెక్క ఇప్పటికీ ఉజ్జాయింపుకి పనికొస్తుంది. బుల్లెట్ వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని 150తో గుణించి, పొడవుతో భాగించాలి. .223 లాంటి వేగమైన వాటికి 150 బదులు 180 వేస్తారు. మన బుల్లెట్ వ్యాసం 0.224 అంగుళం. నా దగ్గరున్న 55 గ్రెయిన్ల బుల్లెట్‌ని కాలిపర్‌తో కొలిస్తే 0.74 వచ్చింది. లెక్కేస్తే ట్విస్ట్ 12 చాలు. 77 గ్రెయిన్లది దాదాపు అంగుళం పొడవుంటుంది, దానికి 9 వస్తుంది, జనం ఇంకా భద్రంగా 8 వాడతారు. ఈ లెక్కలో బరువు ఎక్కడా కనపడదు, గమనించావా. బరువు పెరిగితే మామూలుగా పొడవూ పెరుగుతుంది కాబట్టి మనం బరువుతో చెప్పుకుంటాం, అంతే.

పొట్టి బుల్లెట్‌కి 12 చాలితే 7 ఇచ్చావంటే అది ఇంకా గట్టిగా నిలబడుతుంది. షాపువాళ్లు చెప్పింది తలకిందులు. నిలబడకపోవడం ఎలా ఉంటుందో నేను చూశాను. నా ఇంకో రైఫిల్ .22-250, దాని ట్విస్ట్ 14. అందులో ఆశకొద్దీ 70 గ్రెయిన్లవి పెట్టాను. 100 గజాల్లో కాగితం మీద గుండ్రటి రంధ్రాలు లేవు, తాళంచెవి రంధ్రంలా పొడుగ్గా చిరిగాయి. బుల్లెట్ పక్కకు పడుకుని వచ్చి తగిలిందన్నమాట. నీ కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా ఉంటే నీ బుల్లెట్ నిలబడినట్టే.

అలాగని ఎక్కువ తిప్పినా నష్టం లేదని కాదు. చిన్నప్పుడు బొంగరం ఆడే ఉంటావు. ములికి సరిగ్గా మధ్యలో ఉన్న బొంగరం ఎంత వేగంగా తిప్పినా నిద్రపోతుంది. ములికి ఒక పిసరు పక్కకు జరిగిందా, ఎంత గట్టిగా తాడు లాగితే అంత కొట్టుకుంటుంది. బుల్లెట్ జాకెట్ (పైనుండే లోహపు తొడుగు) ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉంటే జరిగేదీ ఇదే. బ్యారెల్ దాటగానే ఆ తేడా దాన్ని పక్కకి విసిరేస్తుంది, ట్విస్ట్ వేగం పెరిగేకొద్దీ ఆ విసురూ పెరుగుతుంది. నాణ్యంగా చేసిన బుల్లెట్‌లో ఈ తేడా కంటికి ఆనదు, చవకరకంలో కనపడుతుంది.

ఇక పేలిపోవడం. ఆ పెద్దాయన మాటలో నిజం ఉంది, కానీ అన్ని బుల్లెట్లకీ వర్తించదు. బుల్లెట్ వేగం సెకనుకి ఎన్ని అడుగులో దాన్ని 720తో గుణించి ట్విస్ట్‌తో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 3600 అడుగులు, ట్విస్ట్ 7 అనుకుంటే 3,70,000 చుట్లు దాటుతుంది. అదే 12లో 2,16,000. చాలా పలచటి జాకెట్ ఉన్న రకాలు ఆ తిప్పుడికి తట్టుకోలేవు. ఒకసారి నా కళ్లముందే దారిలో బూడిదరంగు పొగ గీత కనపడింది, కాగితం మీద రంధ్రమే లేదు. నీవి అన్నీ కాగితం దాకా చేరాయి కాబట్టి ఆ భయం పెట్టుకోకు.

నా అనుమానం వేరేచోట ఉంది. పొడుగు బుల్లెట్ల కోసం చేసిన బ్యారెల్‌లో గ్రూవులు మొదలయ్యే చోటు దూరంగా ఉంటుంది. పొట్టి బుల్లెట్ కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) వదిలాక అంతదూరం పట్టు లేకుండా దూకాలి. ఆ దూకుడులో వంకర వస్తుంది. చాలామంది ఇది చూడకుండా నేరం ట్విస్ట్ మీద వేస్తారు.

అమ్మినతను చెప్పిన 7ని కూడా నమ్మకు, కొలుచుకో. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకో, బోల్ట్ తీసెయ్. పిడి దగ్గర స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా ప్యాచ్ (గుడ్డముక్క) తొడిగి వెనకనుంచి కొద్దిగా లోపలికి తొయ్యి. రాడ్ పైభాగాన స్కెచ్ పెన్‌తో గీత పెట్టు. నెమ్మదిగా తోస్తూ పో. ఆ గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో అదే నీ ట్విస్ట్.

ఇంకొక్క మాట. పిండయ్యే బుల్లెట్ అని ధీమా పడి వెనక మట్టిగట్టు లేనిచోట కాల్చొద్దు.

ఓహైయో_అక్క:

బాబాయ్ గారు చెప్పినదానికి పాత ఉదాహరణ ఒకటి. 1955లో విన్‌చెస్టర్ కంపెనీ .243 వచ్చింది, ట్విస్ట్ 10. అదే ఏడాది రెమింగ్టన్ కంపెనీ .244 వచ్చింది, ట్విస్ట్ 12. రెండూ 6 మిల్లీమీటర్ల బుల్లెట్లే. 12 పెట్టింది తేలిక బుల్లెట్లకి బాగుంటుందని. కానీ జింకల వేటకి 100 గ్రెయిన్లవి కావాలనుకునేవాళ్లు .243 వైపు వెళ్లిపోయారు. 1963లో రెమింగ్టన్ అదే కేసుని ట్విస్ట్ 9తో 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి తెచ్చింది, అప్పటికే ఆలస్యమైపోయింది. పాత_ఇనుము గారూ, మీ 12 మంచిదే, కానీ రేపు ఈ అబ్బాయి 77 గ్రెయిన్లవి కాల్చాలంటే అందులో కుదరదు. పూర్తి రాగి బుల్లెట్లు కొన్నా అదే ఇబ్బంది, రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి అవి ఇంకా పొడుగుంటాయి.

లబ్బక్_కుర్రాడు:

బాబాయ్ గారూ, అక్కా, చాలా థాంక్స్. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఎనిమిది అంగుళాలే, ఏడు కాదు! రంధ్రాలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. బ్యారెల్ శుభ్రం చేస్తే ప్యాచ్‌లు వరసగా నీలంగా వచ్చాయి, పాతాయన రాగి మరకలు ఎప్పుడూ తీయలేదేమో. ఆ తర్వాత 40 గ్రెయిన్లవి అంగుళం పావుకి తగ్గాయి. రేంజ్‌లో ఒకాయన 53 గ్రెయిన్లవి పది ఇచ్చాడు. మొదటి ఐదు ముప్పావు అంగుళం, రెండో ఐదు కొంచెం ఎక్కువ. 53వి రెండు డబ్బాలు ఆర్డర్ పెట్టాను. మిగిలిన 40 గ్రెయిన్లవి దగ్గర బొరియలకి ఉంచుకుంటాను.

గుంటూరు_బాబాయ్:

సంతోషం తమ్ముడూ. రెండు గ్రూపులు (ఐదేసి రౌండ్ల వరసలు) చాలవు, 53తో ఇంకో నాలుగు కాల్చు, బ్యారెల్ చల్లారనిచ్చి కాల్చు. కాగితాల ఫొటోలు ఇక్కడే పెట్టు, చూస్తాను.